కదలక కరిగే కండ: రక్త పరీక్షలో ఏది కనిపిస్తుంది, ఏది కనిపించదు

#1 | కదలని_కాలు

ఒక ప్రోటోకాల్ కోసం అడుగుతున్నాను. రెండు గుంపులు ఉంటాయి. ఒక గుంపుకు మోకాలికి కట్టు వేసి ఒకే కాలు కదలకుండా ఉంచుతారు. రెండో గుంపు పూర్తిగా మంచం మీదే. జబ్బు లేదు, గాయం లేదు, కదలిక మాత్రమే లేదు. వారం వారం స్కాన్ తీయడం కుదరదు. రక్తంతోనే సరిపెట్టాలంటే ఏ సూచికలు పెట్టుకోవాలి? ప్రస్తుతం జాబితాలో సీకే, ఆల్బుమిన్, క్రియాటినిన్, 3-మిథైల్‌హిస్టిడిన్, మయోస్టాటిన్, జీడీఎఫ్-15, అగ్రిన్ ముక్క, మైక్రో ఆర్‌ఎన్‌ఏలు ఉన్నాయి. మొహమాటం లేకుండా కొట్టేయండి.

#2 | గాజుగొట్టం

మొదట సీకే, ఆల్బుమిన్ తీసేయండి.

సీకే అనేది కండర కణం పొర చిరిగితే బయటికి కారే ఎంజైము. కదలకుండా పడుకుంటే పొర చిరగదు, కణం సన్నబడుతుంది, అంతే. అందుకే మంచాన ఉన్నవారి సీకే మామూలుగానో, అంతకన్నా తక్కువగానో వస్తుంది. పెరిగి కనిపిస్తే వేరే కారణం వెతకాలి: కండలోకి ఇచ్చిన ఇంజెక్షన్, కింద పడటం, కొలెస్ట్రాల్‌కు వేసే స్టాటిన్ మాత్ర, లేదా కట్టు విప్పిన వెంటనే చేయించిన గట్టి వ్యాయామం. ఈ చివరిది బాగా మోసం చేస్తుంది. తిరిగి నడిపించిన 1 నుంచి 4 రోజుల్లో సీకే ఎగబాకుతుంది. రిపోర్టు చూసినవారు కండ కరుగుతోంది అనుకుంటారు. అసలు సంగతి, కండ అప్పుడే మళ్లీ పనిలోకి దిగింది.

ఆల్బుమిన్‌ను తయారుచేసేది కాలేయం. రక్తంలో దాని సగం ఆయుష్షు సుమారు 20 రోజులు. ఒంట్లో ఇన్‌ఫ్లమేషన్ ఉంటే పడిపోతుంది. కండతో దానికి నేరు చుట్టరికం లేదు.

#3 | అడుగులెక్క

సూచిక ఏదైనా, అది పట్టుకోవాల్సిన మార్పు ఎంతదో ముందు తెలియాలి కదండీ. ఆరోగ్యంగా ఉన్న యువకుల ఒక కాలికి కట్టు వేసి చూస్తే తొడ ముందు కండరం అడ్డుకోత వైశాల్యం 5 రోజులకు 3.5 శాతం, 14 రోజులకు 8.4 శాతం తగ్గింది. బలం మాత్రం 9 శాతం, 23 శాతం పోయింది. పెద్దవయసు వారిని 10 రోజులు మంచం మీద ఉంచిన 2007 నాటి ప్రయోగంలో కాళ్లలో కొవ్వు కాని కణజాలం దాదాపు ఒక కిలో పోయింది. అసలు మంచమే అక్కర్లేదు. పెద్దవయసు వారు రోజుకు 1500 లోపు అడుగులతో 14 రోజులు గడిపితే కాళ్లలో అదే కణజాలం 3.9 శాతం తగ్గింది.

బలం తరుగు కండ తరుగుకు రెండున్నర రెట్లు పైనే ఉంది, చూశారా? కండ బరువును మాత్రమే చెప్పే సూచిక ఎంత బాగా పనిచేసినా నష్టంలో సగం కూడా చెప్పదు. మిగతాది నరం వైపు ఉంటుంది. దాని సంగతి తర్వాత రాస్తాను.

#4 | సగటుమనిషి

ఆ అంకెలతోనే ఒంటికాలి గుంపు సంగతి తేలిపోతుంది. లెక్క కోసం తొడ ముందు కండరాలు 2 కిలోలు, ఒంట్లో కండ మొత్తం 28 కిలోలు అనుకోండి. 2 కిలోల్లో 8.4 శాతం అంటే 168 గ్రాములు. 28 కిలోల్లో అది 0.6 శాతం. ఒంటి మొత్తం కండను లెక్కగట్టే ఏ రక్త సూచికకూ అంత చిన్న తేడా ఆనదు. చెరువులోంచి చెంబెడు నీళ్లు తీసి, గట్టు మీద నిలబడి మట్టం చూసినట్టే ఉంటుంది.

కాబట్టి ఒంటికాలి గుంపుకు అల్ట్రాసౌండో, ఎమ్మారైయో తప్పదు. క్రియాటినిన్ లాంటివి మంచం గుంపుకే పెట్టుకోండి.

#5 | తూనికరాయి

3-మిథైల్‌హిస్టిడిన్ జోలికి మాత్రం ఎవరూ రాకండి. కండ ప్రోటీన్లైన ఆక్టిన్, మయోసిన్ గొలుసులో హిస్టిడిన్ అనే అమైనో ఆమ్లం చేరిపోయాక దానికి మిథైల్ తగులుకుంటుంది. ఆ ప్రోటీన్ విరిగినప్పుడు అది ఊడి బయటికొస్తుంది. దాన్ని మోసుకెళ్లే టీఆర్‌ఎన్‌ఏ లేదు గనక కొత్త ప్రోటీన్‌లో మళ్లీ వాడుకోవడం కుదరదు, మూత్రంలో పోవాల్సిందే. విరిగిన కండకు ఇంతకంటే నికరమైన రసీదు ఎక్కడుంది?

షరతులు ఉన్నాయి, నిజమే. శాంపిల్‌కు ముందు కనీసం 3 రోజులు మాంసం, చేప మానాలి. తిన్న కండలోదీ అదే రూపంలో వస్తుంది. పేరు దగ్గర కూడా జాగ్రత్త. మాంసంలోని అన్సెరిన్ నుంచి వచ్చే 1-మిథైల్‌హిస్టిడిన్ వేరే పదార్థం, అది తిండిని చెబుతుంది, మన కండను కాదు. ఏ నత్రజనిని ఒకటి అనాలో రసాయన శాస్త్రజ్ఞులు ఒకలా, జీవరసాయన శాస్త్రజ్ఞులు ఇంకోలా లెక్కపెట్టడంతో 1, 3 అంకెలు పాత పేపర్లలో తారుమారయ్యాయి. ల్యాబ్‌ను టావ్ రూపమా, పై రూపమా అని అడగండి. మనకు కావాల్సింది టావ్.

#6 | గాజుగొట్టం

తూనికరాయి గారూ, రసీదు నికరమైనదే. కాదనను. ఏ లావాదేవీకి రసీదు అన్నదే ప్రశ్న.

జబ్బు లేని విశ్రాంతిలో మనిషి కండ తగ్గడానికి ప్రధాన కారణం విరగడం పెరగడం కాదు, కట్టడం తగ్గడం. అడుగులెక్క గారు చెప్పిన 2007 ప్రయోగంలో 24 గంటల కండర ప్రోటీన్ తయారీ 30 శాతం పడిపోయింది. అడుగులు తగ్గించిన ప్రయోగంలో తిన్న తర్వాత జరిగే తయారీ 26 శాతం తగ్గింది. 2001లో బయటపడిన అట్రోజిన్-1, మర్ఫ్-1 అనే జన్యువులు ఎలుకల్లో తరుగును బాగా నడిపిస్తాయి. మనిషిలో వాటి హడావిడి మొదటి కొద్ది రోజులదే.

మన కండ రోజూ కొంత విరుగుతుంది, కొంత కడుతుంది. కదలిక ఆగితే విరిగేది ఎప్పటిలాగే విరుగుతూ ఉంటుంది, దాని చోటు నిండదు. విరిగినదాన్నే కొలిస్తే నిన్నటి అంకే మళ్లీ వస్తుంది, చూసేవారు కండ భద్రం అనుకుంటారు. అందుకే 3-మిథైల్‌హిస్టిడిన్ కాలిన గాయాల్లో, సెప్సిస్‌లో బాగా పలుకుతుంది, వట్టి మంచం విశ్రాంతిలో నోరు విప్పదు. పైగా పేగు గోడలోని నునుపు కండరం నుంచి కూడా కొంత వస్తుంది.

#7 | తూనికరాయి

ఒప్పుకున్నాను. అయితే కట్టడం తగ్గిందని చెప్పే రక్త సూచిక ఏది? పీ3ఎన్‌పీ పెట్టుకుందామా?

#8 | గాజుగొట్టం

అది టైప్ 3 కొలాజెన్ కట్టేటప్పుడు తెగిపడే కొస. విరిగిన ఎముక అతుక్కుంటున్నా, కాలేయం గట్టిపడుతున్నా పెరుగుతుంది. ఎముక విరిగి కట్టు వేసినవారిలో దాన్ని కండకు ఆపాదిస్తే తప్పే. ప్రోటీన్ తయారీని సూటిగా చెప్పే ఒంటరి రక్త పరీక్ష ఏదీ లేదండి. డ్యుటీరియం (బరువైన హైడ్రోజన్) కలిపిన నీళ్లు తాగించి కండ ముక్క తీసి చూడటమే దారి. ఇక్కడ మనకు కుదిరేది కట్టడమూ కాదు, విరగడమూ కాదు. ఉన్న సరుకు ఎంత అన్నదే.

#9 | ఐసియు_రాత్రి

ఉన్న సరుకు అంటే క్రియాటినిన్, సిస్టాటిన్ సి జోడీ. ఇది వివరంగా రాయాలి. రోజూ చేసే పరీక్షే అయినా ఎక్కువమంది తప్పుగా చదివేది దీన్నే.

ఒంట్లో క్రియాటిన్‌లో 95 శాతం కండలోనే ఉంటుంది. అందులో రోజుకు 2 శాతం లోపు, ఏ ఎంజైమూ అక్కర్లేకుండా, తనంత తానే క్రియాటినిన్‌గా మారి రక్తంలోకి వస్తుంది. కండ తగ్గితే రాబడి తగ్గుతుంది. కిడ్నీ వడకట్టే వేగం మారకపోతే రక్తంలో మట్టం దిగుతుంది. సిస్టాటిన్ సి కేంద్రకం ఉన్న ప్రతి కణమూ చేసే 13 కిలోడాల్టన్ల చిన్న ప్రోటీన్. కండ ఎంతుందో దానికి పెద్దగా పట్టదు. రెండింటినీ కిడ్నీయే వడకడుతుంది. కాబట్టి క్రియాటినిన్‌ను సిస్టాటిన్‌తో భాగించి 100తో గుణిస్తే కిడ్నీ ప్రభావం చాలావరకు కొట్టుకుపోయి కండ వాటా మిగులుతుంది. దీన్ని సార్కోపీనియా (కండ తరుగు) ఇండెక్స్ అంటారు.

లెక్క కోసం అంకెలు వేసుకుందాం. 60 ఏళ్ల పురుషుడు, మంచం ఎక్కేముందు క్రియాటినిన్ 0.90, సిస్టాటిన్ 0.90. ఇండెక్స్ 100. ఆరు వారాలకు క్రియాటినిన్ 0.72, సిస్టాటిన్ 0.91. ఇండెక్స్ 79. ఇప్పుడు ల్యాబ్ రిపోర్టులో ఈజీఎఫ్ఆర్ గడి, అంటే కిడ్నీ వడకట్టే వేగం అంచనా చూడండి. 2021 నాటి సీకేడీ-ఈపీఐ క్రియాటినిన్ సూత్రంతో అది 98 నుంచి 105కు పెరిగి ఉంటుంది. కిడ్నీ బాగుపడలేదు, కండ పోయింది. రెండు గడులూ పక్కపక్కనే ఉన్నా ఈ మాట రిపోర్టు చెప్పదు. దీనికి ఇంకో ముఖం ఉంది: దీర్ఘకాలం ఆసుపత్రిలో ఉన్నవారిలో కిడ్నీ నిజంగా దెబ్బతిన్నా, కండ కరిగిన కారణంగా క్రియాటినిన్ మామూలుగానే కనిపిస్తుంది. మందు మోతాదు దాన్ని బట్టి వేస్తే ఎక్కువవుతుంది.

ఇండెక్స్‌ను చెడగొట్టేవి:
స్టెరాయిడ్లు సిస్టాటిన్‌ను పెంచుతాయి. దాంతో కండ పోయినట్టు దొంగ సంకేతం వస్తుంది. థైరాయిడ్ ఎక్కువైనా అదే దిశ, తక్కువైతే తలకిందులు. పొగతాగడం, స్థూలకాయం, ఇన్‌ఫ్లమేషన్ కూడా సిస్టాటిన్‌ను పైకి నెడతాయి. ట్రైమెథోప్రిమ్, సిమెటిడిన్ మందులు కిడ్నీ గొట్టంలో క్రియాటినిన్ స్రావాన్ని ఆపి దాని మట్టాన్ని పెంచుతాయి. క్రియాటిన్ పొడి తీసుకునేవారి ఇండెక్స్‌ను నమ్మకండి.

#10 | సగటుమనిషి

100 నుంచి 79 కాబట్టి బతికిపోయారు. 100 నుంచి 88 అయితే ఏమంటారు?

ఒకే మనిషిలో రోజుకూ రోజుకూ క్రియాటినిన్ దానంతట అదే సుమారు 4.5 శాతం ఊగుతుంది, యంత్రం ఊగు మరో 2 శాతం. వర్గాలు కలిపి మూలం తీస్తే 4.9. సిస్టాటిన్‌కు 4, 2 వేసుకుంటే 4.5. నిష్పత్తికి రెండూ కలిసి 6.6 దాకా వస్తుంది. రెండు శాంపిళ్ల మధ్య తేడా నిజమని 95 శాతం నమ్మకంతో అనాలంటే దాన్ని 2.77తో గుణించాలి. సుమారు 18 శాతం. కిడ్నీ ఊగు రెండింటికీ ఉమ్మడి కాబట్టి నిజానికి కాస్త తక్కువే ఉండొచ్చు, కానీ 18నే పట్టుకోండి. 12 శాతం దిగితే అది కండో, ఊగో చెప్పలేం.

మందు సులువే. మొదట్లో వరుసగా మూడు రోజులు, చివర్లో మూడు రోజులు శాంపిల్ తీసి సగటులను పోల్చండి. గడప 18 నుంచి 11 శాతానికి దిగుతుంది. 12 మంది గుంపు సగటు చూస్తే, ఒక్కొక్క శాంపిల్‌తోనే, స్పందనలో మనుషుల మధ్య తేడాను పక్కనపెట్టి, 6 శాతం మార్పు దాకా పట్టొచ్చు. ఒక మనిషికి ఒక అంకె చూసి తీర్పు చెప్పడం మాత్రం వద్దు.

#11 | అడుగులెక్క

నరం సంగతి రాస్తానన్నాను. నరం కొస కండరాన్ని తాకే చోట అగ్రిన్ అనే ప్రోటీన్ ఆ జోడింపును పట్టి ఉంచుతుంది. న్యూరోట్రిప్సిన్ అనే ఎంజైము దాన్ని కోస్తే 22 కిలోడాల్టన్ల కొస ముక్క రక్తంలోకి వస్తుంది. అదే సీఏఎఫ్. 10 రోజుల మంచం విశ్రాంతి ప్రయోగంలో ఇది పెరిగింది. ఒకే కాలిపై భారం లేకుండా 10 రోజులు ఉంచినప్పుడు కూడా పెరిగింది. సగటుమనిషి గారి చెరువు లెక్క దీనికి వర్తించకపోవడానికి కారణం ఉంది. ఇది ఉన్న కండ మొత్తాన్ని కొలవదు. చెడుతున్న జోడింపులు వదిలే ముక్కను కొలుస్తుంది, మామూలప్పుడు ఆ ముక్క రక్తంలో కొద్దిగానే ఉంటుంది.

లోపం ఒకటే, పెద్దది: దీన్ని బయటికి పంపేదీ కిడ్నీయే. ఈజీఎఫ్ఆర్ తగ్గినవారిలో కండతో సంబంధం లేకుండా పెరుగుతుంది. పక్కన సిస్టాటిన్ ఉంటేనే సీఏఎఫ్ చదవండి.

#12 | కదలని_కాలు

మయోస్టాటిన్ ఎందుకు ఎవరూ ఎత్తట్లేదు? కండ పెరుగుదలకు కళ్లెం అదే కదా, రక్తంలో పెరగాలి కదా?

#13 | గాజుగొట్టం

అందరూ అలాగే అనుకుంటారు. 1997లో ఆ జన్యువును ఎలుకల్లో తీసేస్తే కండ విపరీతంగా పెరిగింది కాబట్టి, కండ తక్కువ ఉన్నవారి రక్తంలో అది ఎక్కువ ఉండాలన్న ఊహ పుట్టింది. చిక్కేమిటంటే దాన్ని తయారుచేసేదీ కండే. కండ తక్కువైతే తయారయ్యే చోటే తగ్గుతుంది. అందుకే బక్కచిక్కిన పెద్దవారిలో చాలాసార్లు తక్కువే వస్తుంది. కళ్లెం ఎంత బిగిందో, గుర్రం ఎంత పెద్దదో రెండూ ఒకే అంకెలో కలిసిపోతాయి.

కొలత కూడా ఇబ్బందే. రక్తంలో ఎక్కువ భాగం ప్రోపెప్టైడ్ అనే తన ముందుభాగపు ముక్కకు అంటుకుని నిద్రావస్థలో ఉంటుంది. యాసిడ్‌తో విడదీసి మళ్లీ తటస్థం చేసే అడుగు కిట్‌లో ఉందా లేదా చూడాలి. ఆ అడుగు ఉన్న కిట్, లేని కిట్ ఇచ్చే అంకెలు పోల్చడానికి పనికిరావు. జీడీఎఫ్-11తో పోలిక దగ్గరది గనక కొన్ని యాంటీబాడీలు రెండింటినీ పట్టుకుంటాయి.

జీడీఎఫ్-15 వేరే కథ, పేరులో పోలిక చూసి మోసపోకండి. వయసు, గుండె వైఫల్యం, క్యాన్సర్, గర్భం, మెట్‌ఫార్మిన్ మాత్ర, అన్నిటికీ పెరుగుతుంది. ఒళ్లు కష్టంలో ఉందని చెబుతుంది, ఏ కష్టమో చెప్పదు. ఆరోగ్యవంతుల విశ్రాంతి అధ్యయనంలో దానికి డబ్బు తగలేయకండి.

#14 | ఐసియు_రాత్రి

ఐసియు రోగులకైతే మూత్రంలో టైటిన్ అనే కండ ప్రోటీన్ ఎన్-కొస ముక్క బాగా పనికొస్తుంది. రక్తం కూడా అక్కర్లేదు. కానీ అది విరగడాన్ని చూపే సూచికే. గాజుగొట్టం గారు చెప్పిన కారణంతోనే దీన్ని ఇక్కడికి లాక్కురావద్దు.

#15 | పీసీఆర్_పిచ్చి

మైక్రో ఆర్‌ఎన్‌ఏలను, అంటే జన్యువుల పనిని అదుపుచేసే చిన్న ఆర్‌ఎన్‌ఏ ముక్కలను, మరిచిపోయారు. మిర్-1, మిర్-133ఏ, మిర్-206, మిర్-499. కండలోనే ఎక్కువగా ఉండేవి ఇవే, మిర్-206 అయితే దాదాపు అస్థికండరానిదే. 1, 133ఏ, 499 గుండెలోనూ ఉంటాయి, గుండె జబ్బు ఉంటే పక్కన పెట్టండి.

చెడేది మాత్రం ఎక్కువగా గొట్టం దగ్గరే. రక్తం గడ్డకట్టకుండా హెపారిన్ వేసిన గొట్టంలో తీశారా, పీసీఆర్ పడుకుంటుంది. ఈడీటీఏ గొట్టం వాడండి. ఎర్రకణాలు పగిలితే మిర్-451ఏ వరదలా వచ్చి లెక్క తప్పిస్తుంది. మిర్-23ఏ సీటీ (పీసీఆర్‌లో సంకేతం కనబడే చక్రం అంకె) లోంచి మిర్-451ఏ సీటీ తీసేయండి. 7 దాటితే ఆ శాంపిల్‌ను నమ్మకండి. ప్లాస్మా కంటికి గులాబీ రంగు తిరగకముందే ఈ తేడా మొదలవుతుంది కాబట్టి చూపుతో తేల్చొద్దు. వ్యాయామం చేసినా ఇవి పెరుగుతాయి. ఒక్కటే కారణం చెప్పలేవు.

#16 | గాజుగొట్టం

ఇక శాంపిల్ సంగతి. ఏ సూచిక తీసుకున్నా మంచం విశ్రాంతిలో ఒక ప్రత్యేకమైన గోతి ఉంది: రక్తంలో నీరు. నిలబడ్డ మనిషి పడుకోగానే నీరు నాళాల్లోకి తిరిగొచ్చి ప్రోటీన్లు పది శాతం దాకా పలచబడతాయి. అదే మనిషి కొన్ని రోజులు మంచం మీద ఉంటే మూత్రం ఎక్కువ పోయి ప్లాస్మా పరిమాణం 10 నుంచి 15 శాతం తగ్గుతుంది, అప్పుడు ప్రోటీన్లు చిక్కబడతాయి. మొదటి శాంపిల్ కూర్చోబెట్టి, రెండోది పడుకోబెట్టి తీస్తే, సీఏఎఫ్‌లో వచ్చిన పది శాతం మార్పు కండదో నీళ్లదో ఎవరికీ తెలియదు.

అందుకే ప్రతిసారీ ఇలా తీయండి. రాత్రి 10 నుంచి ఏమీ తినకుండా, ఉదయం ఒకే గంటలో. మొదటి శాంపిల్‌తో సహా అన్నీ 30 నిమిషాలు పడుకోబెట్టాక. చేతికి బిగించే పట్టీ ఒక నిమిషం దాటకూడదు. ముందు 72 గంటలు బరువైన వ్యాయామం వద్దు, వండిన మాంసం ముందురోజు తినొద్దు, అది క్రియాటినిన్‌ను పెంచుతుంది. జుట్టుకోసం బయోటిన్ పెద్ద మోతాదులో వాడేవారు మూడు రోజులు ఆపాలి, బయోటిన్‌ను పట్టుకునే స్ట్రెప్టావిడిన్ వాడే కిట్లు దానితో తప్పుతాయి. సీరం గొట్టాన్ని 30 నిమిషాలు గడ్డకట్టనిచ్చి, 2 గంటల్లోపు సెంట్రిఫ్యూజ్ చేసి, 0.5 మిల్లీలీటర్ల చొప్పున పంచి మైనస్ 80లో పెట్టండి. ఒక గొట్టాన్ని ఒకసారే కరిగించాలి. ప్రతి శాంపిల్‌తో హిమోగ్లోబిన్, హిమటోక్రిట్ (రక్తంలో ఎర్రకణాల వాటా) కూడా తీయండి. 1974 నాటి డిల్, కాస్టిల్ సూత్రంతో ప్లాస్మా మార్పును లెక్కగట్టి పెద్ద ప్రోటీన్ల అంకెలను సరిచేయొచ్చు.

క్రియాటినిన్ ఎంజైము పద్ధతిలోనే చేయించండి. పాత జాఫే పద్ధతిని కీటోన్లు, బిలిరుబిన్, కొన్ని సెఫలోస్పోరిన్ యాంటీబయాటిక్‌లు తప్పిస్తాయి. ఒక మనిషి శాంపిళ్లన్నీ చివర్లో ఒకే రోజు, ఒకే ప్లేట్ మీద నడపండి. వారం వారం నడిపితే కిట్ బ్యాచ్ మార్పే కండ తరుగులా కనిపిస్తుంది.

#17 | తూనికరాయి

చిన్న చేర్పు. విశ్రాంతిలో తిండి కూడా తగ్గుతుంది. పెరుగుదలను నడిపే హార్మోను ఐజీఎఫ్-1 పడిపోతే అది పస్తు వల్లో, ప్రోటీన్ తక్కువవడం వల్లో కావచ్చు. తిన్నది తూచి రాయకుండా ఐజీఎఫ్-1 పెట్టకండి.

#18 | కదలని_కాలు

అందరికీ ధన్యవాదాలు. తేలినది ఇది. మంచం గుంపుకు క్రియాటినిన్, సిస్టాటిన్ సి, మొదట మూడు రోజులు, చివర మూడు రోజులు, మధ్యలో వారానికి ఒకసారి. రెండు గుంపులకూ సీఏఎఫ్, దాన్ని చదవడానికి పక్కన సిస్టాటిన్, హిమోగ్లోబిన్, హిమటోక్రిట్, ఇన్‌ఫ్లమేషన్ చూపే సీఆర్‌పీ. ఒంటికాలి గుంపుకు వారానికోసారి తొడ అల్ట్రాసౌండ్. రెండు గుంపులకూ మొదట్లో, చివర్లో మోకాలు చాచే బలం. సీకే ఉంచుతున్నాను, కానీ కండ తరుగు కోసం కాదు, ఎవరైనా చాటుగా వ్యాయామం చేశారేమో పట్టుకోవడానికి.

ఒక్క అనుమానం. అల్ట్రాసౌండ్, రక్తం ఒకే ఉదయం అయితే ఏది ముందు?

#19 | అడుగులెక్క

30 నిమిషాలు పడుకోబెడుతున్నారుగా, ఆ పడక మీదే 20వ నిమిషం నుంచి అల్ట్రాసౌండ్ మొదలెట్టండి. నిలబడి వచ్చిన వెంటనే కొలిస్తే కాళ్లలో నిలిచిన నీటికి తొడ మందం ఎక్కువొస్తుంది. తొడ ఎముక పైకొస నుంచి మోకాలిచిప్ప దాకా సగం దూరంలో చెరగని సిరాతో గుర్తు పెట్టండి, ప్రోబ్‌ను నొక్కకుండా జెల్ మీద తేలనివ్వండి. చివరి పది నిమిషాల్లో అది ముగుస్తుంది, ఆ తర్వాత అదే భంగిమలో సూది. బలం పరీక్ష మాత్రం రక్తం తీశాకే. ముందు చేయిస్తే మీ సీకే కాపలా పని ఆ రోజుతో సరి.